ఎస్‌క్యూలైట్ డేటాబేస్ పక్కన ‘-జర్నల్’ ఫైల్ ఎందుకు వచ్చి మాయమవుతుంది?

అది రోల్‌బ్యాక్ జర్నల్, అంటే మార్పులను వెనక్కి తిప్పడానికి ఉంచుకునే ఫైల్. ట్రాన్సాక్షన్‌లో (మొత్తంగా జరగాల్సిన, లేదా అసలు జరగకూడని మార్పుల గుంపు) ఏ పేజీనైనా, అంటే డేటాబేస్ ఫైల్‌లోని ఏ ముక్కనైనా, మార్చే ముందు దాని పాత రూపాన్ని (మామూలుగా 4096 బైట్లు) అందులో రాసి, డిస్క్‌కి చేరాకే ఎస్‌క్యూలైట్ అసలు ఫైల్ మీద చెయ్యి వేస్తుంది. పని ముగియగానే జర్నల్‌ని చెరిపేస్తుంది. నిజానికి కమిట్ అయ్యేది, అంటే మార్పులు ఖాయమయ్యేది, ఆ చెరిపిన క్షణంలోనే!

మధ్యలో కరెంటు పోయిందనుకోండి. ‘షాప్.డీబీ’ పక్కన ‘షాప్.డీబీ-జర్నల్’ మిగిలిపోతుంది. మళ్లీ తెరిచినప్పుడు ముందు పాత పేజీలను వెనక్కి పెట్టి, అప్పుడే చదవనిస్తుంది. ఏదో చెత్త ఫైల్ అనుకుని దాన్ని డిలీట్ చేశారో, సగం పాత, సగం కొత్త డేటాతో డేటాబేస్ పాడవ్వచ్చు.

2010లో ఎస్‌క్యూలైట్ 3.7.0 వెర్షన్‌తో వచ్చిన వాల్ (రైట్-అహెడ్ లాగ్) మోడ్‌లో వరస తిరగబడింది: కొత్త పేజీలే ‘-వాల్’ ఫైల్‌లోకి వెళ్తాయి, సుమారు 1000 పేజీలు పోగయ్యాక అసలు ఫైల్‌కి చేరతాయి.