ముందు సీటు, వెనక సీటు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు టాండెం గురించే. ఒకరి వెనక ఒకరు కూర్చుని ఇద్దరూ తొక్కే సైకిలు అది. దాని మీద భూమిని చుట్టివచ్చే దంపతుల కథలు చదివి మన పాఠకులకీ ఉత్సాహం వచ్చినట్టుంది.

*అన్నయ్యగారూ, మా అబ్బాయి, కోడలు ఇంగ్లండ్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. కొత్తగా టాండెం కొన్నారు. ఎవరో భార్యాభర్తలు 180 రోజుల్లో ప్రపంచం చుట్టేశారట, మేమూ బయలుదేరతాం అంటున్నారు. వీళ్లకేమో పొద్దున లేస్తే కాఫీ దగ్గరే పేచీ. ఇది కుదిరే పనేనా?*
- ఒక తల్లి, కాకినాడ

ఆ భార్యాభర్తలు లారా, స్టీవీ మాసీ-ప్యూ. 2022 జూన్‌లో బెర్లిన్ నుంచి బయలుదేరి, డిసెంబరు మొదట్లో మళ్లీ అక్కడికే చేరారు. అంతకుముందు టాండెం మీద ఇద్దరు మగవాళ్లకి 281 రోజులు, ఇద్దరు ఆడవాళ్లకి 263 రోజులు పట్టింది. వీళ్లు ఏకంగా 80 రోజులకి పైగా తగ్గించారు. అందరూ వాళ్ల కాళ్ల బలం గురించే అడుగుతారు. నాకు మాత్రం వాళ్లు ఎక్కడ ఎంతసేపు ఆగేవారో తెలుసుకోవాలనిపిస్తుంది.

లెక్క చూడండి చెల్లెమ్మా. గిన్నిస్ రికార్డు కావాలంటే కనీసం 28,970 కిలోమీటర్లు తొక్కి తీరాలి. 180 రోజులకి పంచితే రోజుకి 161. గంటకి 20 చొప్పున పోయినా తొక్కేది ఎనిమిది గంటలే. తిండి, నిద్ర, బట్టలు ఉతుక్కోవడం, పంక్చర్లు, వీసాల గొడవ, విమానం ఎక్కేముందు అంత పొడుగు సైకిలునీ విప్పి ప్యాక్ చేయడం, అన్నీ మిగతా 16 గంటల్లోనే. విమానంలో కూర్చున్నా గడియారం ఆగదు. ఆ బాకీ కూడా తర్వాత రోడ్డు మీదే తీర్చాలి. రోజుకి పది చోట్ల ఆగి, ఆగినచోటల్లా 'ఇక్కడే తిందామా, ఇంకో ఊరు దాటాక తిందామా' అని పావుగంట తేల్చుకుంటూ కూర్చుంటే రెండున్నర గంటలు గోవిందా! అంటే 50 కిలోమీటర్లు. అదే ఒకరు కొట్లో నీళ్లూ రొట్టే కొనేలోపు ఇంకొకరు చైనుకి నూనె వేస్తే, ఒంటరిగా తొక్కేవాడికంటే వీళ్లే ముందు కదులుతారు. ఏ పని ఎవరిదో ఇంట్లోనే తేలిపోవాలి.

ఇక సైకిలు సంగతి. రెండు జతల పెడళ్లనీ ఒక చైను కలుపుతుంది కాబట్టి మామూలుగా ఒకరు కాళ్లు ఆపితే రెండోవారివీ ఆగాలి. హ్యాండిలు, బ్రేకులు ముందున్నవాళ్ల చేతిలో. వెనకవాళ్లకి కనిపించేది ఎదుటి వీపు. గుంత వస్తుందంటే ముందువాళ్లు నోరు విప్పి చెప్పాల్సిందే. మా ఆవిడ టాండెం ఎక్కిన కొత్తలోనే షరతు పెట్టింది: "గుంత అని ముందే చెప్పకపోతే దిగి బస్సెక్కుతా." విజయవాడ హైవే పక్క సర్వీసు రోడ్ల మీద అరిచి అరిచి చౌటుప్పల్ చేరేసరికి నా గొంతు పోతుంది. ఆమె చేతులు ఖాళీ కనుక దారి చూడటం, నాకు ఖర్జూరాలు అందించడం ఆమె పని. చదును రోడ్డు మీద టాండెం దూసుకుపోతుంది. ఇద్దరి బలం, గాలి దెబ్బ మాత్రం దాదాపు ఒక్కరికే. ఎత్తు ఎక్కేటప్పుడు ఈడుస్తుంది. పల్లంలో ఇద్దరి బరువునీ ఆపలేక బ్రేకులు కాలిపోతాయి.

కాఫీ పేచీకి భయపడకండి. ముందు వాళ్లని ఒక 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిలు ప్రయాణం, తొక్కమనండి. గడువు పదమూడున్నర గంటలు. ఇంగ్లండ్‌లోనూ పెడతారు, మన హైదరాబాద్‌లోనూ పెడతారు. అది అయ్యాక 600. దానికి 40 గంటలు, మధ్యలో నిద్ర ఉంటే కాస్త, లేకపోతే అదీ లేదు. ఆ రెండో పొద్దున ఇద్దరూ ఒకరితో ఒకరు ఏ గొంతుతో మాట్లాడుకున్నారో కోడల్నే అడగండి, అబ్బాయిని కాదు. ఆరు నెలల సెలవు టెన్షన్ ఎలాగూ వాళ్లదే.

*విమానాలు ఎక్కుతూ 'సైకిల్ మీద ప్రపంచం చుట్టాం' అంటే మోసం కాదా సార్?*
- డిగ్రీ విద్యార్థి, నల్గొండ

సముద్రం మీద తొక్కమంటావా నాయనా? విమానం, ఓడ వాడుకోవచ్చు. కానీ వాటితో కలిపి మొత్తం ప్రయాణం భూమధ్యరేఖ పొడవుని, అంటే 40,075 కిలోమీటర్లని దాటాలి. తూర్పుకో పడమరకో ఒకే దిశలో పోవాలి, మొదలెట్టినచోటే ముగించాలి. భూగోళానికి ఇటూ అటూ సరిగ్గా ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లనీ తాకాలి. ఈ ఆఖరిదే అసలు మెలిక. స్పెయిన్‌కి సరిగ్గా అవతల న్యూజిలాండ్ ఉంది కాబట్టి చాలామంది ఆ రెండింటినీ దారిలో కలుపుకుంటారు. మన తెలుగు ఊళ్లలో ఎక్కడ గునపం దింపినా అవతల తేలేది పసిఫిక్ మహాసముద్రంలో. అందుకని నల్గొండలో బయలుదేరినా నీకు మాడ్రిడ్ లాంటి చోటు తప్పదు.

*మన దేశంలో ఇలాంటివాళ్లు లేరా?*
- విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

ఎందుకు లేరు మాస్టారూ! 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు బయలుదేరారు. వాళ్లలో ముగ్గురు - ఆది హకీమ్, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా - 1928లో ప్రపంచం చుట్టి తిరిగొచ్చారు. 2018లో పుణె అమ్మాయి వేదాంగి కులకర్ణి ఒంటరిగా 159 రోజుల్లో 29,000 కిలోమీటర్లు తొక్కింది. దంపతులే కావాలంటే, వర్క్‌మన్ అనే అమెరికన్ భార్యాభర్తలు 1897 చివర్లో సింహళం చేరి, అక్కడి నుంచి మన దేశమంతా సైకిళ్ల మీద గుళ్లూ గోపురాలూ చూస్తూ హిమాలయాల దాకా వెళ్లారు. వాళ్లది టాండెం కాదు, ఎవరి సైకిలు వాళ్లదే.

*ఒక జంట యాత్రని రోజూ ఫోన్‌లో మ్యాప్ మీద చుక్కగా చూస్తున్నాను. మొన్న రాత్రి ఎడారి మధ్యలో ఆ చుక్క ఆరు గంటలు కదల్లేదు. నాకు నిద్ర పట్టలేదు.*
- గృహిణి, కరీంనగర్

వాళ్లకి పట్టిందమ్మా, అందుకే కదల్లేదు. వాళ్ల దగ్గరుండే ట్రాకర్ అనే చిన్న పరికరం ఉపగ్రహానికి సంకేతం పంపుతూ ఉంటుంది. బ్యాటరీ అయిపోయినా, రేకుల షెడ్డు కింద పడుకున్నా ఆగిపోతుంది. నిజంగా నిద్ర పట్టకూడని చుక్క అంటే 2020 మార్చిలో క్యాట్ డిక్సన్, రాజ్ మార్స్‌డెన్‌లది. నేను పైన చెప్పిన 263 రోజుల జంట వీళ్లే. ఐరోపా దేశాలు కరోనాతో ఒక్కొక్కటే తలుపులు మూసేస్తున్నాయి, వీళ్లేమో చివరి అంచెలో ఉన్నారు. 17న ఫ్రాన్స్ లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. 18న వీళ్లు ఆక్స్‌ఫర్డ్ చేరారు.

చుక్క ఆగినందుకు కంగారు పడకండి. ఎత్తు ఎక్కే రోడ్డు మీద గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే మాత్రం పడండి. సైకిలు లారీ ఎక్కిందన్నమాట.