అందరికీ చెప్పిన పని ఎవరూ చేయకపోవడం గురించి

బైరాగిపట్టెడలోని మీ అపార్ట్‌మెంటులో ట్యాంకు నిండి గోడ వెంట నీళ్లు కారుతున్నాయని వాట్సాప్ గ్రూపులో ఎన్నిసార్లు పెట్టినా ఒక్కరూ మోటారు ఆపడం లేదని రాశారు. ఇందులో ఇరుగుపొరుగువారి దుర్బుద్ధి ఏమీ లేదనే నా అభిప్రాయం.

1968లో డార్లీ, లటానే అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో, పక్క గదిలో ఎవరో మూర్ఛతో తల్లడిల్లుతున్నట్టు ఇంటర్‌కామ్‌లో వినిపించినప్పుడు, వింటున్నది తామొక్కరమే అనుకున్నవారిలో 85 శాతం మంది ఆ గొంతు ఆగిపోయేలోపే సాయానికి కదలగా, మరో నలుగురూ వింటున్నారనుకున్నవారిలో 31 శాతమే కదిలారు. నీళ్లు పోసిన మజ్జిగలా బాధ్యత పలచబడుతుందన్నమాట.

కనుక ‘ఎవరైనా ఆపండి’ అనకుండా, ‘302 అన్నా, మోటారు ఆపి ఇక్కడ చెప్పండి’ అని ఒక్కరినే పిలిచి రాయండి. వంతుల పట్టికను స్విచ్చు పక్కనే అంటించండి.