స్టెంట్ తర్వాత మళ్ళీ ఛాతీ పట్టేస్తోంది, పన్ను కోసం గోలీలు ఆపొచ్చా?

మీ నాన్నకు స్టెంట్ (గుండె రక్తనాళం తెరిచి ఉంచే సన్న జాలీ గొట్టం) వేసి ఎనిమిది నెలలైంది, నడిస్తే ఛాతీ పట్టేస్తోంది, పన్ను తీయించాలి కాబట్టి రక్తం పలుచన చేసే గోలీలు ఆపొచ్చా అని అడిగారు. పన్ను సంగతి తర్వాత, ముందు ఛాతీ సంగతి చూడండి.

మాది మిర్యాలగూడ. మా బాపుకూ ఇలాగే అయింది. సాగర్ ఎడమ కాలువ కట్ట మీద రోజూ నడిచే మనిషి, కట్ట ఎక్కేచోట ఆగి ఫోన్ చూస్తున్నట్టు నిలబడేవాడు. కాసేపటికి తగ్గేది. గ్యాస్ అని సోడా తాగేవాడు. కనిపెట్టింది మా అమ్మే: "స్టెంట్ ఎయ్యకముందు గూడ గిట్లనే నిలబడెటోడు." హైదరాబాద్‌లో యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాలను చూపే ఎక్స్‌రే పరీక్ష) తీస్తే స్టెంట్ లోపలే దారి సన్నబడిందని తేలింది. మందు పూసిన బెలూన్‌తో తెరిచారు.

స్టెంట్ వేసినచోట గాయం మానుతూ కండ ఎక్కువ పెరిగితే దారి ఇరుకవుతుంది. చాలావరకు మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది, షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువ. మందు పూత స్టెంట్లు వచ్చాక తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇది సాధారణంగా మెల్లగా ముదురుతుంది. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టడం అలా కాదు, అరుదే అయినా ఉన్నట్టుండి గుండెపోటుగా వస్తుంది, ఏళ్ళు గడిచాక కూడా రావచ్చు. రక్తం పలుచన చేసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి గోలీలు మధ్యలో మానేయడం దానికి ఒక పెద్ద కారణం.

అందుకే పన్ను కోసం మీ అంతట మీరు ఒక్క గోలీ కూడా ఆపకండి. పళ్ళ డాక్టరు ఆపమన్నా సరే, గుండె డాక్టరుకు ఫోన్ చేసి అడిగాకే. బాపుకు దవడ పన్ను తీసినప్పుడు రెండు గోలీలూ నడుస్తూనే ఉన్నాయి. కుట్టు వేసి, దూది గట్టిగా కరిచి పట్టుకోమన్నారు. సాయంత్రం దాకా ఉమ్మిలో ఎర్రజీర కనిపించింది, అంతే. మలం నల్లగా తారులా వస్తే మాత్రం కడుపులో రక్తం కారుతోందేమోనని అనుమానించి వెంటనే చూపించాలి, అప్పుడు కూడా గోలీల సంగతి డాక్టరే తేల్చాలి.

ఈ వారంలోనే మీ నాన్నను డిశ్చార్జ్ కాగితంతో సహా గుండె డాక్టరుకు చూపించండి. ఈలోపు కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా, ఎడమ చెయ్యి లాగినా, బస్సు కోసం చూడొద్దు, 108కి చెయ్యండి. స్టెంట్ ఉందని, ఏ గోలీలు వాడుతున్నారో వాళ్ళకు మొదటే చెప్పండి.