ఏసీఎల్ ఆపరేషన్ అయి నాలుగు నెలలు.. నొప్పి లేదు, ఆడొచ్చా?

ప్రశ్న: నా వయసు 23 ఏళ్లు. ఫుట్‌బాల్ ఆడుతూ ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడు కుడి మోకాల్లో టప్‌మని శబ్దం వచ్చింది. కొద్ది గంటల్లోనే బాగా వాచింది. మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ కలిపి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ పూర్తిగా తెగిందని ఎంఆర్‌ఐలో తేలింది. తొడ వెనక నుంచి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి భాగం) తీసి కొత్త లిగమెంట్ వేశారు. ఇప్పటికి నాలుగు నెలలు దాటింది. నొప్పి లేదు, నడక మామూలుగానే ఉంది, మెట్లు ఎక్కుతున్నాను. బాగానే ఉంది కదా అని రెండో నెలలోనే ఫిజియోథెరపీ మానేశాను. ఈమధ్య కాస్త పరుగెత్తిన రోజు మాత్రం సాయంత్రానికి మోకాలు ఉబ్బుతోంది. కుడి తొడ ఎడమ తొడ కన్నా సన్నబడింది. కోత పక్కన చర్మం మొద్దుబారినట్టుంది. వచ్చే నెలలో టోర్నమెంట్ ఉంది. మా టీమ్‌లో ఒకతను ఇదే ఆపరేషన్ తర్వాత ఆరు నెలలకే ఆడాడు. నేను ఆడొచ్చా? ముందు మళ్లీ ఎంఆర్‌ఐ తీయించుకోవాలా?
- ఒక పాఠకుడు

జవాబు: ఈ టోర్నమెంట్ వదిలేయండి. నిరాశపడతారని తెలిసే చెబుతున్నాను. సాయంత్రం వచ్చే వాపు, సన్నబడిన తొడ, మధ్యలో ఆగిపోయిన ఫిజియోథెరపీ.. మీరు రాసినవాటిలో ఈ మూడూ మోకాలు ఇంకా ఆటకు సిద్ధం కాలేదనే చెబుతున్నాయి.

నొప్పి లేదు కాబట్టి మానిపోయిందనుకోవడం ఈ ఆపరేషన్ విషయంలో పనికిరాదు. నొప్పి కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది. లోపల వేసిన గ్రాఫ్ట్, అంటే ఆ కొత్త లిగమెంట్, మాత్రం దాని తీరులో అది నెమ్మదిగా మారుతుంటుంది. తొడ వెనక నుంచి తీసిన టెండన్‌ను ఎముకల్లో చేసిన సొరంగాల గుండా పంపి, స్క్రూలతోనో బటన్‌తోనో బిగిస్తారు. ఆ రోజున అది గట్టిగానే ఉంటుంది. అయితే దానికి అంతవరకూ అందిన రక్తసరఫరా తెగిపోయింది కదా! నాటిన నారు ముందు వాడి, వేళ్లూనుకున్నాకే తిప్పుకున్నట్టు, గ్రాఫ్ట్ కూడా మొదట బలం కోల్పోతుంది. సుమారు 6 నుంచి 12 వారాల మధ్య అది బాగా బలహీనంగా ఉంటుంది. తర్వాత కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు వచ్చి చేరి, క్రమంగా లిగమెంట్ లక్షణాలు సంతరించుకుంటుంది. ఇదంతా పూర్తవడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు కూడా పడుతుంది. మీరు ఆ బలహీన దశ దాటి ఎంతో కాలం కాలేదు.

మరి ఇంత బాగా ఎలా నడవగలుగుతున్నానని మీకు సందేహం రావచ్చు. తిన్నగా నడిచేటప్పుడు ఏసీఎల్‌కు పెద్దగా పని పడదు. కాలి ఎముక ముందుకు జారకుండా, మెలితిరగకుండా పట్టి ఉంచడం దాని పని. పరుగులో ఉన్నట్టుండి ఆగినప్పుడు, దిశ మార్చినప్పుడు, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడు దాని మీద అసలు భారం పడుతుంది. మీకు మొదటిసారి దెబ్బ తగిలింది కూడా పక్కకు తిరిగినప్పుడే.

తొమ్మిది నెలలు నిండకుండా మైదానంలోకి దిగేవారిలో మళ్లీ గాయమయ్యే ముప్పు స్పష్టంగా ఎక్కువ. ఒక అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకు ఆటను వాయిదా వేసిన ప్రతి నెలకూ ఈ ముప్పు దాదాపు సగానికి తగ్గినట్టు కనిపించింది. మీ వయసునూ లెక్కలోకి తీసుకోవాలి. 25 ఏళ్ల లోపువారిలో తిరిగి ఆటలోకి వెళ్లినవారిని తీసుకుంటే, దాదాపు నలుగురిలో ఒకరికి రెండోసారి ఏసీఎల్ తెగుతోంది. అదీ ఎప్పుడూ ఆపరేషన్ చేసిన మోకాల్లోనే కాదు, రెండో మోకాల్లోనూ! మీ టీమ్‌మేట్‌కు ఏమీ కాకపోవడం సంతోషమే గానీ, అతని మోకాలిని చూసి మీ మోకాలి సంగతి తేల్చుకోకండి.

ఇక వాపు. చాలామంది దీన్ని చిన్న విషయంగా చూస్తారు. నాకైతే మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. కీలులో నీరు చేరితే అక్కడి నుంచి వెళ్లే సంకేతాలు తొడ ముందువైపు కండరాన్ని, అంటే క్వాడ్రిసెప్స్‌ను, పూర్తిగా బిగుసుకోనివ్వవు. మీరెంత ప్రయత్నించినా కండరం పూర్తి బలంతో పని చేయదు, సన్నబడుతుంది. కండరం తగ్గితే అడుగు వేసినప్పుడల్లా పడే అదురు నేరుగా కీలు మీద పడుతుంది, మళ్లీ వాపు వస్తుంది. ఈ చక్రం తెగాలంటే ముందు పరుగు ఆపాలి. పలుచటి గుడ్డ చుట్టిన ఐస్‌ను 15-20 నిమిషాల పాటు రోజుకు రెండు మూడుసార్లు పెట్టండి. నీరు ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. కాలు చాపి, కండరాలు వదులు చేసి, మోకాలి చిప్ప లోపలివైపు (రెండో కాలి వైపు) అరచేత్తో కింది నుంచి పైకి నిమరండి. వెంటనే చిప్ప బయటివైపు పై నుంచి కిందికి నిమరండి. లోపలివైపు చిన్న అల లాగా ఉబ్బితే ఇంకా నీరున్నట్టే. ఏ వ్యాయామం చేసినా మర్నాడు ఉదయానికి వాపు పెరిగితే ఆ మోతాదు ఎక్కువైందని అర్థం.

మీరు రాయని ఒక సంగతి అడగాలి. కుడి మోకాలు ఎడమదానంత పూర్తిగా చాపగలుగుతున్నారా? బోర్లా పడుకుని మోకాళ్ల కింది భాగం మంచం అంచు దాటి బయట ఉండేలా వదిలేయండి. రెండు మడమలూ ఒకే ఎత్తులో ఉండాలి. కుడి మడమ పైకి ఉంటే కాలు పూర్తిగా చాచుకోవడం లేదన్నమాట. మోకాలు పూర్తిగా మడవలేకపోవడం కన్నా పూర్తిగా చాపలేకపోవడమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. నడక మారుతుంది, తొడ కోలుకోదు. కొందరిలో గ్రాఫ్ట్ ముందు మచ్చ కణజాలం పేరుకుని అడ్డుపడుతుంది, అప్పుడు సర్జన్ చూడాలి. కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లు హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవద్దని చెప్పేది ఇందుకే. దిండు పెడితే మడమ కింద పెట్టాలి.

ఫిజియోథెరపీ ఈ వారమే మళ్లీ మొదలుపెట్టండి. పడుకుని కాలు పైకెత్తే వ్యాయామాలు మొదటి వారాలకు సరిపోతాయి, నాలుగో నెలలో వాటితోనే సరిపెడితే తొడ పెరగదు. స్క్వాట్, లెగ్ ప్రెస్, ఒంటికాలితో మెట్టు దిగడం, తుంటి, పిక్క, తొడ వెనక కండరాల వ్యాయామాలు వారానికి రెండు మూడు రోజులు, బరువు క్రమంగా పెంచుతూ చేయాలి. మీ గ్రాఫ్ట్ తొడ వెనక నుంచే తీశారు కాబట్టి అక్కడి కండరాన్ని కూడా తిరిగి బలపరచాలి, కాకపోతే తొందరపడొద్దు. ఆపరేషన్‌లో మెనిస్కస్‌కు (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థికి) కుట్లు వేశారేమో డిశ్చార్జ్ కాగితాల్లో చూడండి. వేసి ఉంటే బరువుతో లోతుగా గొంతుక్కూర్చునే వ్యాయామాలు సర్జన్‌ను అడగకుండా చేయకండి.

వాపు పోయి, కాలు పూర్తిగా చాచుకుంటూ, కుంటు లేకుండా ఉండి, కుడి తొడ బలం ఎడమదానిలో కనీసం 70-80 శాతానికి వచ్చాకే తిన్నగా జాగింగ్. తర్వాత రెండు కాళ్లతో గెంతడం, ఆపై ఒంటికాలితో గెంతడం, దిశ మార్చే పరుగులు, ఎవరితోనూ ఢీకొనే అవసరం లేని ప్రాక్టీస్, పూర్తి ప్రాక్టీస్, చివర్లో మ్యాచ్. తొమ్మిది నెలలు నిండటంతో పాటు తొడ బలం, ఒంటికాలి గెంతు పరీక్షల్లో రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం రావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇన్ని నెలలు ఆట లేక ఎడమ కాలూ బలహీనపడి ఉంటుంది. అందుకే 90 వచ్చినా ఫిజియో మీరు గెంతి దిగే తీరునూ చూడాలి. దిగినప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా అని ఫోన్‌లో వీడియో తీసి చూస్తే మీకే తెలుస్తుంది.

ఎంఆర్‌ఐ ఇప్పుడు అక్కర్లేదు. గ్రాఫ్ట్ మారుతున్న మొదటి ఏడాదిలో స్కాన్‌లో అది అసహజంగా కనిపించడం మామూలే. రిపోర్టు చదివి అనవసరంగా టెన్షన్ పడతారు. పైగా మీరు ఆడొచ్చో లేదో స్కాన్ తేల్చలేదు. సర్జన్ చేత్తో చేసే పరీక్షలోనే గ్రాఫ్ట్ పట్టు చాలావరకు తెలుస్తుంది. మోకాలు పట్టు తప్పినట్టు అనిపించినా, మధ్యలో ఇరుక్కుపోయినా, మళ్లీ మెలిపడి శబ్దం వచ్చినా అప్పుడు తీయించాలి.

చర్మం మొద్దుబారడం గురించి బెంగ వద్దు. కోత దగ్గర చర్మానికి స్పర్శనిచ్చే చిన్న నరం కొమ్మ దెబ్బతినడం వల్ల అలా అవుతుంది. నెలలు గడిచేకొద్దీ ఆ భాగం తగ్గుతుంది, కొందరిలో కొంత మిగిలిపోతుంది. కాలి బలానికి దానితో సంబంధం లేదు.

ఆపరేషనై కొన్ని వారాలే అయినవాళ్లు ఇది చదువుతుంటే వారికొక మాట: పిక్క వాచి నొప్పి పెట్టినా, జ్వరంతో మోకాలు వేడెక్కి ఎర్రబడినా, కోత నుంచి చీము కారినా అదే రోజు డాక్టర్‌ను కలవాలి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి అనిపించినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మీరు మాత్రం కోచ్‌కు ఇప్పుడే చెప్పేయండి, ఆఖరి నిమిషంలో ఎవరి ఒత్తిడికో లొంగే పరిస్థితి రాదు. మోకాలికి బ్రేస్ వేసుకుని ఒక్క మ్యాచ్ ఆడేస్తానని అనుకోకండి, అది లోపలి గ్రాఫ్ట్‌ను కాపాడుతుందన్న భరోసా లేదు. తిరిగి ఆటలోకి వెళ్లాక ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం రూపొందించిన ఫిఫా 11 ప్లస్ వార్మప్‌ను వారానికి రెండుసార్లైనా చేయండి. ఇరవై నిమిషాల పని. టీమ్ అంతా కలిసి చేస్తే ఇంకా మంచిది.