షుగర్ ఉన్నవాళ్ళకి ఇంప్లాంట్ నిలబడుతుంది, కానీ ముందు వాడే మందులన్నీ చెప్పండి

మా నాన్నకి షుగర్ ఉంది, దవడ పన్ను ఇంప్లాంట్ పెట్టిస్తే నిలబడుతుందా, ఏ కంపెనీది మంచిది అని అడిగారు కదా. కంపెనీ గురించి తర్వాత చూద్దురు గానీ, ఇంప్లాంట్ అంటే ఊడిన పన్ను చోట దవడ ఎముకలోకి బిగించే స్క్రూ, దాదాపు అన్నీ టైటానియమే. ఎముక దాన్ని పట్టుకుంటుందా లేదా అన్నదే అసలు సంగతి, అది మనిషి ఆరోగ్యాన్ని బట్టి ఉంటుంది.

మా అమ్మకి షుగరూ ఉంది, ఎముకలు గుల్లబారడమూ ఉంది. మొదట వెళ్ళిన క్లినిక్‌లో ఎక్స్‌రే చూసి రేపొచ్చేయండి పెట్టేద్దాం అన్నారు, షుగర్ ఎంతుందని మాటవరసకైనా అడగలేదు, నాకు ఒళ్ళు మండిపోయింది. రెండో చోట డాక్టర్ గారు నోరు చూడకముందే ఏమేం మందులు వాడుతున్నారమ్మా అన్నారు. షుగర్ బిళ్ళలు, బీపీ బిళ్ళ, అంతే అంది అమ్మ. ఆయన వదల్లేదు, ఇంజెక్షన్లు గానీ సెలైన్‌లో ఎక్కించుకునేవి గానీ ఉన్నాయా అని మళ్ళీ అడిగితే "ఏడాదికోసారి ఎముకలకి ఎక్కిస్తారండీ, అది బలానికి, మందు కాదు" అంది. ఆయన రాయడం ఆపేసి ఆ కాగితాలు తెమ్మన్నారు. చూస్తే జోలెడ్రోనిక్ యాసిడ్. ఆ రకం మందులు ఎముక అరిగిపోకుండా ఆపుతాయి, ఎముకలు గుల్లబారినవాళ్ళకి అది కావాల్సిందే, కానీ దవడలో రంధ్రం చేశాక అక్కడ పాత ఎముక కొంత కరిగి కొత్తది రావాలి కదా, ఆ పనికి అడ్డు తగలొచ్చు, అరుదుగా దవడ ఎముక కొంతమేర చచ్చిపోతుంది కూడా. కేన్సర్‌కి పెద్ద డోసుల్లో తీసుకునేవాళ్ళకి ఆ ముప్పు ఎక్కువ, అమ్మలాంటివాళ్ళకి బాగా తక్కువే, అయినా ఆ సంగతి తెలీకుండా డ్రిల్ పెట్టేయడం ఏంటండీ! ఈయన ఎముకల డాక్టర్‌తో మాట్లాడారు, అమ్మ హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 9 దాటి ఉండటంతో 7 దగ్గరికి వచ్చేదాకా ఆగమన్నారు, ఆ తర్వాతే పెట్టారు.

పెట్టిన రోజు ఒక మీటరుతో ఐఎస్‌క్యూ అని నంబరు తీశారు, 1 నుంచి 100 దాకా ఉంటుంది, 70 దాటితే గట్టిగా ఉన్నట్టు. 72 వచ్చింది. మళ్ళీ చెకప్‌కి వెళ్తే 64, అమ్మ మొహం వాడిపోయింది. ఆయన చెప్పిందేంటంటే మొదట్లో ఉండే పట్టు స్క్రూ బిగింపుది, తర్వాత వచ్చేది చుట్టూ పెరిగిన కొత్త ఎముకది, మూడు నాలుగు వారాలప్పుడు మొదటిది సడలి రెండోది ఇంకా పూర్తిగా రాదు, అందుకే తగ్గుతుంది. షుగర్ ఎక్కువుంటే కొత్త ఎముక నెమ్మదిగా వస్తుంది కాబట్టి ఆ బలహీనమైన కాలం ఇంకా సాగుతుంది. సిగరెట్ తాగేవాళ్ళకీ అంతే, నికోటిన్ రక్తనాళాల్ని ముడిచేస్తుంది, రక్తం అందకపోతే ఎముక ఎక్కణ్ణుంచి పెరుగుతుంది? అమ్మకి తర్వాత మెల్లగా పెరిగి 75కి వచ్చింది, అప్పుడే పైన క్యాప్ పెట్టారు.

ఇంకో మాట, ఒక్కరోజులో పళ్ళు అనే ప్రకటనలు చూస్తే నాకు మహా చిరాకు. ఈ టైటానియం ఇంప్లాంట్ల పద్ధతి మొదలుపెట్టిన స్వీడన్ డాక్టర్ బ్రోనెమార్క్ 1965లో మొదటి పేషెంట్‌కి పెట్టారు, ఆయన పద్ధతిలో కింది దవడకి మూడు నాలుగు నెలలు, పై దవడకి ఆరు నెలల దాకా బరువు పడకుండా వదిలేసేవారు. ఇప్పుడు కొందరికి వెంటనే పెట్టొచ్చు, ఒప్పుకుంటాను, కానీ గట్టి ఎముక, మంచి బిగింపు ఉన్నవాళ్ళకి. షుగర్ తిన్నగా లేని పెద్దాయనకి తొందరెందుకు?

మీ నాన్నగారివి హెచ్‌బీఏ1సీ రిపోర్టు, బిళ్ళలతో పాటు ఇంజెక్షన్ల కాగితాలు అన్నీ పట్టుకెళ్ళండి. పన్ను చిగుళ్ళ జబ్బుతో ఊడిందైతే అది ముందు నయం చేయించండి, లేకపోతే ఇంప్లాంట్ చుట్టూ కూడా అదే మొదలవుతుంది. అలాగే రాత్రి నిద్రలో పళ్ళు నూరుతారేమో మీ అమ్మగారిని అడగండి, ఆయనకి తెలీకపోవచ్చు, ఇంప్లాంట్‌కి మామూలు పన్నుకున్నట్టు కింద మెత్తటి పొర ఉండదు, ఆ ఒత్తిడంతా నేరుగా ఎముక మీదే పడుతుంది.