పాఠకుల ప్రశ్నలు: సోయా చిక్కుడుకు అదను ఎప్పుడు?

ప్రశ్న: బోరు కింద రెండెకరాల ఎర్ర నేలలో నిరుడు వేరుశనగకు బదులు సోయా చిక్కుడు వేశాము. వాన కోసం ఎదురుచూసి ఆగస్టు రెండో వారంలో విత్తాము. మొక్క మోకాలెత్తు రాకముందే పూతకు వచ్చింది. కాయ తక్కువగా పట్టింది, కోసిన పంట వానకు తడిసి బూజు పట్టింది. లోపం విత్తనానిదా, అదనుదా?
– ఒక రైతు, చంద్రగిరి, తిరుపతి జిల్లా

జవాబు: మీరు వ్రాసిన లక్షణాలన్నీ అదను తప్పిన పంటవే. సోయా పగటి నిడివిని బట్టి పూతకు వచ్చే పంట. పగలు తగ్గుతున్నకొద్దీ, తానెంత ఎదిగిందన్న దానితో నిమిత్తం లేకుండా త్వరగా పూస్తుంది. తిరుపతిలో జూన్ 21న కూడా పగలు దాదాపు 13 గంటలే; ఆదిలాబాదులో అంతకన్నా కొంత ఎక్కువ. అక్కడ తొలకరికి విత్తిన పైరుకు దొరికే ఎదుగుదల కాలం ఇక్కడ ఆగస్టులో విత్తిన పైరుకు దొరకదు. కొమ్మలు, కణుపులు తగ్గితే కాయ పట్టే చోటే తగ్గుతుంది కనుక, తర్వాత ఎంత ఎరువు వేసినా ఆ లోటు పూడదు.

బూజుకు కారణం మన వానల తీరు. జె.ఎస్. 335 వంటి రకం 95 నుంచి 100 రోజుల్లో కోతకు వస్తుంది. జులై మొదటి వారంలో విత్తితే అక్టోబరు 10 ప్రాంతంలో, అంటే ఈశాన్య రుతుపవనాలు సాధారణంగా మొదలయ్యే లోపే, పంట కళ్లానికి చేరుతుంది. మీ పంట మాత్రం నవంబరు మధ్యలో, తుపాను వానల నడుమ పండింది. కాబట్టి మన ప్రాంతంలో విత్తే తేదీని కోత నుంచి వెనక్కి లెక్కించుకోవడమే మేలని నా అభిప్రాయం. బోరు ఉన్నది కనుక వానకై ఆగకుండా, తడి పెట్టి జులై మొదటి పక్షంలోపే విత్తండి.

పూత దశలో బెట్ట తగిలి కొంత పూత రాలినా, తడి అందగానే మొక్క చాలావరకు కోలుకుంటుంది. విత్తిన 60 నుంచి 80 రోజుల మధ్య, గింజ ఊరే వేళ నీరు అందకపోతే మాత్రం గింజ చిన్నదై తూకం పడిపోతుంది, దానికి మందు లేదు. బోరులో నీరు తగ్గితే ఉన్న తడిని ఆ దశకే దాచుకోండి.

విత్తనాన్నీ పరీక్షించుకోండి. సోయా గింజ తోలు పలుచన, మొలకశక్తి త్వరగా పోతుంది. నూరు గింజలను తడి గోనెపట్టాలో చుట్టి ఉంచితే నాలుగైదు రోజుల్లో కనీసం 70 మొలవాలి. విత్తాక పెద్ద వాన కురిసి ఎర్ర నేల పైపొర బిగిస్తే మొలక పైకి రాలేక విరుగుతుంది. అప్పుడు పలుచని తడి ఇవ్వండి.

ఏ కారణంగానైనా ఆగస్టు వచ్చేస్తే ఆ ఏటికి సోయా మానుకొని ఉలవలు వేసుకోండి.