విశాఖ వస్తున్నాం, ఏ గవర్నమెంటు స్కూలు చూసుకోవాలి మాస్టారూ?

పిల్లల చదువుపై పాఠకుల ప్రశ్నలకు విశాఖపట్నం రిటైర్డ్ హెడ్మాస్టరు జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ప్రొద్దుటూరు. మా ఆయనకు గాజువాక దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. జూన్‌కల్లా ఇల్లు మారాలి. పాప ఎనిమిదిలోకి, బాబు మూడులోకి వస్తారు. ఇద్దరూ ఇక్కడ గవర్నమెంటు స్కూళ్ళలోనే ఉన్నారు, అక్కడా అలాగే చదివించాలని మా ఉద్దేశం. మా అన్నయ్య మధురవాడలో ఉంటాడు. అటువైపైతే స్కూళ్ళు బాగుంటాయంటూ నాలుగైదు స్కూళ్ళ పదో తరగతి రిజల్టు వాట్సాప్‌లో పంపాడు. ఒకదానికి నూటికి నూరు శాతం, ఒకదానికి 78. ఆ అంకెలు చూసి తేల్చేయొచ్చా? ఇంకేమైనా చూడాలా? మార్చిలో ఒకసారి వచ్చి ఇళ్ళు చూసుకుందామనుకుంటున్నాం.
– ఆర్.ఎస్., ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ నూరు శాతం సంగతి తేలుద్దాం. ఎంతమంది రాస్తే నూరు వచ్చిందో మీ అన్నయ్యని అడగండి. 20 మంది రాసి 20 మందీ పాసైనా నూరు శాతమే. 200 మంది రాసి 156 మంది పాసైతే 78. ఆ రెండో స్కూల్లో పనికోసం వలస వచ్చినవాళ్ళ పిల్లలుంటారు, ఏడాది మధ్యలో చేరినవాళ్ళుంటారు, ఎనిమిదికి వచ్చినా కూడబలుక్కుని చదివేవాళ్ళుంటారు. అందులో 156 మందిని గట్టెక్కించిన టీచర్లను నేనైతే తీసిపారెయ్యను. ఇంకో ప్రశ్న కూడా అడగండి: అంతకుముందు ఏడాది తొమ్మిదిలో ఎంతమంది ఉన్నారు, పదిలో ఎంతమంది పరీక్ష రాశారు? తొమ్మిదిలో 60 ఉండి పదికి 45 అయితే, ఆ 15 మంది ఏమయ్యారో హెచ్ఎం (హెడ్మాస్టరు) గారు చెప్పగలగాలి. ఊరు మారారా, పనిలో పడ్డారా, లేక రిజల్టు పాడవుతుందని ఎవరైనా నెమ్మదిగా పంపించేశారా? ఫ్లెక్సీ మీద ఈ లెక్క ఎవరూ వెయ్యరు.

ఇక మధురవాడ. అక్కడ చంద్రంపాలెం హైస్కూలు పిల్లల సంఖ్యలో జిల్లాలోనే పెద్ద స్కూళ్ళలో ఒకటి, పేరున్న స్కూలే. కానీ మధురవాడ ఊరికి ఈశాన్యపు కొస, గాజువాక నైరుతి కొస. మీ ఆయన రోజూ ఊరు మొత్తం దాటి వెళ్ళి రావాలి. పిల్లలు నిద్రపోయాక తండ్రి ఇల్లు చేరే ఏర్పాటు ఎంత మంచి స్కూలు కోసమైనా నాకు నచ్చదు. గాజువాక, కూర్మన్నపాలెం, పెదగంట్యాడ వైపు చూడండి, లేదంటే ఎన్ఏడీ జంక్షన్, గోపాలపట్నం దాకా రండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: హైవేకి ఇవతల ఇల్లు, అవతల స్కూలు పెట్టుకోవద్దు. లారీలు, కంపెనీ బస్సుల మధ్య మూడో తరగతి పిల్లాడు రోజుకు రెండుసార్లు రోడ్డు దాటడమంటే మీకు సాయంత్రం దాకా టెన్షనే. పాప కొంచెం దూరమైనా వెళ్ళొచ్చు. 2025 ఆగస్టు నుంచి సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు టికెట్టు లేదు కదా.

మార్చిలో అన్నారు గానీ, వీలైతే ఫిబ్రవరిలోనే రండి. మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి, వెనకే టెన్త్ పరీక్షలు. అప్పుడు చూసేది అసలు స్కూలు కాదు. ఫలానా రోజు వస్తామని ముందుగా కబురు పెట్టకండి. అలాగని నేరుగా క్లాసుల్లోకి దూరిపోకూడదు. హెచ్ఎం గదికి వెళ్ళి, జూన్‌లో ఇద్దరు పిల్లల్ని చేర్పిస్తామని చెప్పి, స్కూలు చూస్తామని అడగండి. ఆ మాటకు ఆయన ముఖం ఎలా మారిందో కూడా గమనించండి.

బాబు కోసం ప్రాథమిక పాఠశాలకు వెళ్ళినప్పుడు మొట్టమొదట టీచర్లను లెక్కపెట్టండి. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లుంటే సరిపోతుంది. కాగితం మీద సరే. కానీ ఒకటి నుంచి ఐదు దాకా అయిదు తరగతుల్ని ఇద్దరు లాగాలి. ఒకరికి ట్రైనింగో మీటింగో పడిందంటే ఆ రోజు ఒక్కరే. తరగతికో టీచరున్న మోడల్ ప్రైమరీ స్కూలు నడిచి వెళ్ళే దూరంలో ఉంటే మారుమాట లేకుండా అందులో వెయ్యండి.

తర్వాత నోటుబుక్కులు. టీచరు గారు తీసి చూపించే పుస్తకాన్ని చూసి మెచ్చుకుని పక్కన పెట్టండి, అది ఎప్పుడూ చూపించడానికి ఉంచిన పుస్తకమే. చివరి వరసలో పిల్లాడి లెక్కల పుస్తకం అడగండి. నేను హెచ్ఎంగా ఉన్నప్పుడు నెలకోసారి ఆ పుస్తకాలే తెప్పించుకునేవాణ్ణి. ఒక పుస్తకంలో తీసివేత లెక్క సగంలో ఆగిపోయి ఉంటుంది, దాని మీద పేజీ అడ్డంగా ఎర్ర సిరాతో పెద్ద టిక్కు, కింద సంతకం. అంటే దిద్దారన్న పేరే తప్ప ఎవరూ చూడలేదు. ఇంకో దాంట్లో అదే తప్పు లెక్క దగ్గర సున్నా చుట్టి, పక్కన అప్పు ఎలా తెచ్చుకోవాలో ఒక చిన్న లెక్క వేసి, కింద పిల్లాడితో మళ్ళీ చేయించి ఉంటుంది. ఆ రెండో పుస్తకం కనిపించిన స్కూలుకు పెచ్చులూడిన గోడలున్నా మీ బాబును పంపవచ్చు. గోడలు, బల్లలు, పెద్ద టచ్ స్క్రీన్లు 2019లో స్కూళ్ళ బాగుకోసం మొదలైన నాడు-నేడు పనుల్లో చాలా స్కూళ్ళకు వచ్చాయి. ఆ స్క్రీను రోజూ వాడుతున్నారా, గుడ్డ కప్పి ఉంచారా అన్నది పిల్లల్ని అడిగితే చెప్పేస్తారు.

పాప హైస్కూలుకు వెళ్ళిన రోజు భోజనం బెల్లు కొట్టేదాకా ఉండండి. మెనూ బోర్డు చదువుతూ నిలబడకండి. గుడ్డు, చిక్కీ, రాగిజావ అన్ని బోర్డుల మీదా ఉంటాయి. ఎంతమంది పళ్ళెం పట్టుకుని లైన్లో ఉన్నారు, ఎంతమంది ఇంటి క్యారేజీ విప్పుతున్నారు, పారేసిన అన్నం ఎంత, దగ్గర ఒక్క టీచరైనా ఉన్నారా అన్నది చూడండి. ఆ వెంటనే మీరే ఆడపిల్లల బాత్రూముకు వెళ్ళి రండి. పొద్దున తొమ్మిదింటికి ప్రతి స్కూల్లోనూ నీళ్ళొస్తాయి. మధ్యాహ్నం వాడకం అయ్యాక కుళాయిలో నీళ్ళున్నాయా, తలుపుకు గడియ పడుతోందా? నీళ్ళు రాకపోతే ఆడపిల్లలు పొద్దుట్నుంచీ మంచినీళ్ళు తాగడం మానేస్తారు, నెలలో ఆ రోజుల్లో బడికే రారు. మన రిజల్టు షీట్లలో ఈ కాలమ్ లేదు.

లెక్కలకు, ఫిజిక్సుకు స్కూల్ అసిస్టెంట్లు, అంటే హైస్కూలు సబ్జెక్టు టీచర్లు, ఉన్నారా, ఖాళీయా అని సూటిగా అడగండి. హెచ్ఎం గారిని చూసి మాత్రం స్కూలును ఎంచుకోవద్దు. ఒకే చోట హెచ్ఎంలు అయిదేళ్ళు, టీచర్లు ఎనిమిదేళ్ళు దాటి ఉండరు. బదిలీలు వచ్చేది ఎండాకాలం సెలవుల్లోనే కాబట్టి, మీరు ఫిబ్రవరిలో చూసినాయన జూన్‌లో ఉండకపోవచ్చు. పాప ఎనిమిదికి వస్తోంది కాబట్టి ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్పు సంగతీ అడగండి. గవర్నమెంటు, ఎయిడెడ్ స్కూళ్ళలో ఎనిమిది చదువుతూ, ఏడాదికి మూడున్నర లక్షలు మించని ఆదాయమున్న ఇళ్ళ పిల్లలకే ఆ పరీక్ష. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ఎంతమంది ఎంపికయ్యారన్నది వాళ్ళే చెబుతారు. మీరు అడగాల్సింది ఎంతమంది చేత రాయించారని. ఎనిమిదిలో 90 మంది ఉండి నలుగురే రాశారంటే, మిగతా వాళ్ళ మీద ఆశ వదిలేసినట్టే లెక్క.

ఇంకోటి, ఇది మీలాగా ఊరు మారేవాళ్ళకే. కొత్తగా చేరినవాళ్ళను ఏ సెక్షన్లో వేస్తారని అడగండి. మార్కుల్ని బట్టి ఏ, బీ అని విడగొట్టి, కొత్తవాళ్ళని కళ్ళు మూసుకుని చివరి సెక్షన్లోకి తోసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. మీ పిల్లల కడప యాసకు ఇక్కడి పిల్లలు మొదట్లో నవ్వుతారు, అది పెద్ద విషయం కాదు. టీచరు కూడా కలిసి నవ్వితే మాత్రం పెద్ద విషయమే. మన స్టీల్‌ప్లాంటు, పోర్టు, నేవీ చుట్టుపక్కల ఒడియా పిల్లలు, హిందీ పిల్లలు ఎప్పుడూ ఉంటారు. తెలుగు సరిగా రాని ఒక పిల్లాణ్ణి ఆ స్కూలు ఎలా చూసుకుంటోందో ఆ పిల్లాడి తల్లినే అడగండి. సాయంత్రం నాలుగింటికి గేటు బయట నిలబడితే ఎవరో ఒకరు దొరుకుతారు. నిజాలన్నీ అక్కడే తెలుస్తాయి, ఆటోడ్రైవరుతో సహా అందరూ చెబుతారు.

ప్రొద్దుటూరులో బయల్దేరేముందు ఒక పని. టీసీ ఒక్కటి తెచ్చుకుంటే చాలదు. స్కూలు పిల్లల వివరాలన్నీ ఉండే యూడైస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో, పాత స్కూలువాళ్ళు మీ పిల్లల పేర్లను డ్రాప్‌బాక్సులోకి (బడి వదిలినవాళ్ళ జాబితాలోకి) వదిలితేనే కొత్త స్కూలు తీసుకోగలదు. అది ఆగిపోతే బడికెళ్ళే పిల్లల కోసం ప్రభుత్వం తల్లులకు ఇచ్చే తల్లికి వందనం డబ్బులు కూడా ఇరుక్కుంటాయి. ఆధార్‌లో, స్కూలు రిజిస్టర్లో పేరు ఒకేలా ఉందో లేదో అక్కడుండగానే సరిచూసుకోండి.

ప్రశ్న: ఫీజు బాకీ ఉందని మా అబ్బాయి చదివే ప్రైవేటు స్కూలు టీసీ ఇవ్వడం లేదు. ఆరో తరగతి అయింది. విశాఖలో గవర్నమెంటు స్కూల్లో చేర్చుకుంటారా?
– కె.వి., పాలకొండ

జవాబు: చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో అడ్మిషన్ ఆపకూడదని, నిరాకరించకూడదని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్లో ఉంది. ఎనిమిదో తరగతి దాకా ఇది వర్తిస్తుంది. హెచ్ఎం తటపటాయిస్తే ఎంఈవో (మండల విద్యాధికారి) గారిని కలవండి. బాకీ సంగతి వేరు, అది వాళ్ళతో మాట్లాడి వాయిదాల్లోనైనా తీర్చండి. డ్రాప్‌బాక్సు తాళం వాళ్ళ చేతిలోనే ఉంది మరి. టీసీ వచ్చాక ఇస్తానని తెల్లకాగితం మీద రాసిచ్చి, బడి తెరిచిన రోజునే బాబును పంపించండి.